బ్యాలెన్స్ కట్టకముందే అన్నీ తేల్చుకోండి

విదేశీ ఫ్యాక్టరీతో బేరం అనగానే చాలామంది ధర దగ్గరే ఆగిపోతారు. వాళ్లు పీస్‌కి ఒక రేటు చెప్పడం, మనం తగ్గించి అడగడం, నాలుగు రోజులు మెసేజ్‌ల మీద మెసేజ్‌లు నడవడం, చివరికి మూడో నాలుగో శాతం తగ్గితే గెలిచామనుకోవడం. ఆ వెంటనే ఒక పేజీ ప్రొఫార్మా ఇన్‌వాయిస్ (సరుకు పంపకముందు ఇచ్చే ముసాయిదా బిల్లు) వస్తుంది. అందులో సరుకు పేరు, ఎన్ని పీసులు, రేటు, బ్యాంకు వివరాలు, కింద 'అడ్వాన్స్ 30 శాతం, షిప్‌మెంట్‌కి ముందు 70 శాతం' అని ఒక లైను ఉంటాయి. అది చూసి డబ్బు పంపేస్తారు. సరుకు బాగోలేకపోతే ఏం చేయాలి, ఆలస్యమైతే ఎవరు భరించాలి, మోల్డ్ (సరుకు తయారుచేసే అచ్చు) ఎవరిది, గొడవొస్తే ఎక్కడ తేల్చుకోవాలి, వీటిలో ఒక్కటీ ఆ పేజీలో ఉండదు.

ఆ 70 శాతం బ్యాలెన్స్ మీ దగ్గర ఉన్నంతవరకే ఫ్యాక్టరీ మీ మాట వింటుంది. అది వెళ్లిపోయాక మీ చేతిలో మిగిలేది కాగితమే. ఆ కాగితం పట్టుకుని ఇంకో దేశంలో లాయర్‌ని పెట్టుకుని, పత్రాలన్నీ అక్కడి భాషలోకి మార్పించి, నెలల తరబడి తిరిగితే వచ్చే డబ్బు కన్నా అయ్యే ఖర్చే ఎక్కువ. చిన్న, మధ్యతరహా ఆర్డర్లలో దాదాపు ఎప్పుడూ ఇదే పరిస్థితి. కాబట్టి కాంట్రాక్ట్‌లో ప్రతి క్లాజునీ నేను ఒకటే అడుగుతాను: ఇది బ్యాలెన్స్ కట్టకముందు పనికొస్తుందా, కట్టాక పనికొస్తుందా? ముందు పనికొచ్చేవాటి కోసం ఎంతైనా పట్టుబడతాను. తర్వాత పనికొచ్చేవి కూడా రాసుకోవాల్సిందే, కానీ వాటినే నమ్ముకుని డబ్బు పంపకూడదు.

ముందు ధర సంగతి. తగ్గించమని అడగడంలో తప్పేం లేదు, ఆ తగ్గింపు ఎక్కణ్నుంచి వస్తోందో అడక్కపోవడమే తప్పు. స్టీలు వాటర్ బాటిల్ తీసుకోండి. 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్‌లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 201 గ్రేడ్‌లో నికెల్ బాగా తగ్గించి మాంగనీస్ కలుపుతారు. నికెల్ ఖరీదైన లోహం కాబట్టి 201 చౌకగా వస్తుంది. పాలిష్ చేసి రెండూ పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు, అయస్కాంతం పెట్టి చూసినా నమ్మకంగా చెప్పలేం. తేడా తుప్పు దగ్గర బయటపడుతుంది, అదీ మీ కస్టమర్ వాడటం మొదలుపెట్టిన కొన్ని నెలలకి. ధరని ముడిసరుకు ఖర్చు కన్నా కిందికి నొక్కితే ఏ ఫ్యాక్టరీ అయినా నష్టానికి చేసిపెట్టదు కదా, స్టీలు మందం తగ్గుతుంది, గ్రేడ్ మారుతుంది, మూతలో సిలికాన్ రింగు నాసిరకంది వస్తుంది.

అందుకే నేను రేటుని ఒక్క అంకెగా తీసుకోను. ముడిసరుకు, లేబర్, కోటింగ్, ప్యాకింగ్ విడివిడిగా చెప్పమంటాను. అందరూ చెప్పరు, చెప్పినవాళ్లు కూడా తమ మార్జిన్ సరిగ్గా చెప్పరు, అయినా పర్వాలేదు, ఒక్కో పీస్‌లో ఎంత బరువు స్టీలు పడుతుందో తెలిస్తే మిగతాది మనమే లెక్కేసుకోవచ్చు. ఒకసారి ఒక సేల్స్ మేనేజర్ 'ఈ రేటుకి 304 రాదండీ, మీరు సరేనంటే 201 పెడతాం, కానీ ఆ మాట కాంట్రాక్ట్‌లో రాసుకుందాం' అని మొహమాటం లేకుండా చెప్పారు. అలా చెప్పే ఫ్యాక్టరీ దొరికితే రెండు శాతం ఎక్కువైనా నేను వాళ్లకే ఇస్తాను.

ఇక కొలతలు, నాణ్యత. 'శాంపిల్ ప్రకారం సరుకు' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే గొడవ వచ్చిన రోజు ఎవరి శాంపిల్ వాళ్లు చూపిస్తారు. అదే బాటిల్‌కి నేనైతే ఇలా రాయిస్తాను: లోపలి గోడ, బయటి గోడ ఏ గ్రేడ్, మందం ఎన్ని మిల్లీమీటర్లు, ఎంత అటూ ఇటూ ఉండొచ్చు. బయటి రంగు పేరుతో కాకుండా ప్యాంటోన్ నంబరుతో, అంటే ప్రతి రంగు ఛాయకీ ఉండే కోడ్‌తో. కోటింగ్ ఎంత గట్టిగా పట్టుకుందో తెలియడానికి ఐఎస్ఓ 2409 ప్రకారం క్రాస్‌కట్ టెస్ట్, అంటే కోటింగ్ మీద గళ్లు గళ్లుగా గీతలు గీసి టేపు అంటించి లాగుతారు, ఎంత ఊడొచ్చిందో చూసి 0 నుంచి 5 దాకా మార్కు వేస్తారు, 0 అంటే ఏమీ ఊడలేదని. అందులో ఎంతవరకు మనకి సమ్మతమో అంకె వేసి రాయాలి. నీళ్లు నింపి తలకిందులుగా ఎంతసేపు పెడితే కారకూడదు, కార్టన్ ఎంత ఎత్తు నుంచి ఎన్నిసార్లు పడేసి చూడాలి, ఇలాంటివన్నీ కూడా. ఇదంతా చాదస్తం కాదు. ఈ పేజీ లేకపోతే తర్వాత వచ్చే ఇన్‌స్పెక్షన్‌కి అర్థమే లేదు, ఇన్‌స్పెక్టర్ దేనితో పోల్చి చూడాలి?

ఒప్పుకున్న శాంపిల్‌ని మూడు సెట్లుగా సీల్ చేయించండి. సీలు మీద రెండు వైపులా సంతకాలు, తేదీ ఉండాలి. ఒకటి మీ దగ్గర, ఒకటి ఫ్యాక్టరీలో, ఒకటి ఇన్‌స్పెక్షన్ చేసేవాళ్ల దగ్గర. దాంతోపాటు ఇంకో వాక్యం తప్పనిసరి: ముడిసరుకు గానీ, విడిభాగాలు ఇచ్చే సబ్‌సప్లయర్ గానీ, తయారుచేసే చోటు గానీ మా రాతపూర్వక అనుమతి లేకుండా మార్చకూడదు. పెద్ద ఆర్డర్ వచ్చినప్పుడు పనిని పక్క ఫ్యాక్టరీకి ఇచ్చేయడం చాలా మామూలు విషయం, మీరు చూసొచ్చిన ఫ్యాక్టరీ వేరు, మీ సరుకు తయారైన షెడ్డు వేరు అయిపోతుంది.

ఇన్‌స్పెక్షన్ క్లాజు దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే బ్యాలెన్స్ డబ్బుని నాణ్యతకి కట్టిపడేసేది ఇదే. ప్రతి పీసూ చూడటం కుదరదు కాబట్టి ఎన్ని పీసులు తీసి చూడాలో చెప్పే ఐఎస్ఓ 2859-1 పట్టికలు ప్రపంచమంతా వాడతారు. 3,000 పీసుల లాట్ (ఒక విడత సరుకు) అనుకుందాం. జనరల్ లెవెల్ 2 (మామూలు స్థాయి తనిఖీ) ప్రకారం 125 పీసులు ఎక్కడంటే అక్కడి నుంచి తీసి చూడాలి. పెద్ద లోపాలకి ఏక్యూఎల్ (ఎంతవరకు లోపాలు సమ్మతమో చెప్పే పరిమితి) 2.5 పెట్టుకుంటే, ఆ 125లో 7 దాకా పాస్, 8 వస్తే లాట్ మొత్తం ఫెయిల్. చిన్న లోపాలకి 4.0 పెట్టుకుంటే 10 దాకా పాస్, 11కి ఫెయిల్. మనిషికి హాని చేసే లోపమైతే ఒక్కటి కూడా ఉండకూడదని రాసుకుంటారు.

ఈ అంకెల్ని ఫ్యాక్టరీలు పెద్దగా అభ్యంతరం లేకుండా ఒప్పుకుంటాయి. అసలు పోట్లాట ఏది పెద్ద లోపం, ఏది చిన్నది అన్న చోట జరుగుతుంది. గీత పడిన బాటిల్ పెద్ద లోపమా, చిన్న లోపమా? వాళ్లు చిన్నదంటారు, మీరు పెద్దదంటారు, ఇన్‌స్పెక్టర్ ఏది రాసినా ఒకరు ఒప్పుకోరు. అందుకే ముందే కూర్చుని లోపాల జాబితా ఫొటోలతో సహా తయారుచేసి కాంట్రాక్ట్‌కి జతచేయాలి. '50 సెంటీమీటర్ల దూరం నుంచి కనిపించే, 5 మిల్లీమీటర్లు దాటిన గీత పెద్ద లోపం' అన్నంత స్పష్టంగా ఉండాలి. ఇన్‌స్పెక్షన్ ఎప్పుడు చేయాలో కూడా రాయండి, సరుకంతా తయారై కనీసం 80 శాతం ప్యాక్ అయ్యాక. ఫెయిలైతే ఏరివేత, రిపేరు ఖర్చు ఫ్యాక్టరీది, మళ్లీ ఇన్‌స్పెక్షన్‌కి అయ్యే ఫీజు కూడా ఫ్యాక్టరీదే. ఈ చివరి మాట రాయకపోతే ఫెయిలైన ప్రతిసారీ మీ జేబులోంచే ఖర్చవుతుంది, వాళ్లకి త్వరగా సరిచేయాలన్న తొందర ఉండదు.

డబ్బు ఎప్పుడు, దేని మీద కట్టాలి అన్నది దీనికి అతుక్కునే ఉంటుంది. 'షిప్‌మెంట్‌కి ముందు 70 శాతం' అన్న వాక్యాన్ని 'మేము ఎంచుకున్న ఇన్‌స్పెక్షన్ సంస్థ పాస్ రిపోర్ట్ ఇచ్చాక 70 శాతం' అని మార్పించండి. నా లెక్కలో కాంట్రాక్ట్ మొత్తంలో అతి విలువైన మార్పు ఇదే, పైగా దీనికి ఫ్యాక్టరీకి ఒక్క పైసా అదనపు ఖర్చు లేదు కాబట్టి నిజాయితీగా చేసేవాళ్లు పెద్దగా కాదనరు. దీనికే ససేమిరా అన్నవాళ్లతో నేను ముందుకెళ్లను. బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు అందుకున్నట్టు ఓడ సంస్థ ఇచ్చే పత్రం) కాపీ చూపించాక బ్యాలెన్స్ కడతానని అడిగితే ఇంకా మంచిది, కాకపోతే కొత్త కస్టమర్‌కి అది అంత తేలిగ్గా ఇవ్వరు.

అడ్వాన్స్‌ని మరీ పదిశాతానికి దించమని అడగడం మాత్రం నాకు నచ్చదు. ఆ డబ్బుతోనే చాలా ఫ్యాక్టరీలు ముడిసరుకు కొంటాయి. తక్కువిస్తే సరేనంటారు, మీ ఆర్డర్‌ని వెనక్కి నెట్టేస్తారు.

ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే అడిగిన పత్రాలు ఇస్తే అమ్మినవాళ్లకి డబ్బిస్తానని బ్యాంకు ఇచ్చే హామీ) పెట్టుకుంటే సేఫ్ అనుకునేవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఎల్‌సీలు ఎక్కువగా యూసీపీ 600 నియమాల కింద నడుస్తాయి, ఇవి 2007 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం బ్యాంకు చూసేది పత్రాల్నే, సరుకుని కాదు. పత్రాలు సరిగ్గా ఉంటే పెట్టెల్లో ఏమున్నా బ్యాంకు డబ్బు ఇచ్చేస్తుంది. కాబట్టి ఎల్‌సీ తెరిచేటప్పుడు ఇవ్వాల్సిన పత్రాల జాబితాలో ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్, అదీ ఎవరు ఇవ్వాలో పేరుతో సహా చేర్చకపోతే నాణ్యత విషయంలో ఎల్‌సీ మిమ్మల్ని కాపాడదు. చిన్న ఆర్డర్లకి బ్యాంకు చార్జీలే భారమవుతాయి, అక్కడ మామూలు బ్యాంకు ట్రాన్స్‌ఫరే నయం.

డబ్బు దగ్గరే ఇంకొకటి, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. బ్యాలెన్స్ కట్టే సమయానికి సరిగ్గా ఒక మెయిల్ వస్తుంది, 'ఆడిట్ వల్ల మా ఖాతా ఆగిపోయింది, ఈ కొత్త ఖాతాకి పంపండి' అని. అదే మెయిల్ వరుసలో వస్తుంది, అదే మనిషి సంతకం, అదే ఇన్‌వాయిస్ నంబరు, పంపిన అడ్రస్‌లో ఒక్క అక్షరం తేడా. ఎవరో ఆ మెయిల్ బాక్స్‌లోకి చొరబడి వారాల తరబడి మీ మాటలన్నీ చదువుతూ కూర్చున్నారన్నమాట. ఆ ఖాతాకి పంపిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. కాంట్రాక్ట్‌లో ఒకే ఖాతా రాయండి, ఖాతాదారు పేరు కాంట్రాక్ట్ మీద ఉన్న కంపెనీ పేరే అయ్యుండాలి, ఖాతా మార్చాలంటే రెండు వైపులా సంతకం, ముద్ర ఉన్న సవరణ పత్రం ఉంటేనే చెల్లుతుందని రాయండి. అదొచ్చాక కూడా పాత నంబరుకి ఫోన్ చేసి తెలిసిన గొంతు విన్నాకే పంపండి.

ఎవరితో సంతకం చేస్తున్నారో కూడా చూసుకోండి. మాట్లాడేది ఫ్యాక్టరీ అనుకుంటాం, ఇన్‌వాయిస్ ఇచ్చేది ఇంకో ట్రేడింగ్ కంపెనీ అవుతుంది. ట్రేడింగ్ కంపెనీ అయినంత మాత్రాన చెడ్డది కాదు, కానీ తెలిసి చేయడం వేరు. చైనా కంపెనీ అయితే బిజినెస్ లైసెన్స్ మీద 18 అక్షరాంకెల రిజిస్ట్రేషన్ కోడ్ ఉంటుంది, అక్కడి భాషలో ఉన్న పేరే చట్టబద్ధమైన పేరు, వెబ్‌సైట్ మీద ఉండే ఇంగ్లిష్ పేరు వాళ్లు పెట్టుకున్నది. అక్కడ కంపెనీ ముద్రకి చాలా విలువ, ముద్ర లేకుండా సేల్స్ మేనేజర్ సంతకం ఒక్కటే ఉన్న కాగితం మీద నేను డబ్బు పంపను.

ఆలస్యం విషయంలో అందరూ జరిమానా శాతం గురించి మాట్లాడతారు. వారానికి 0.5 శాతం, గరిష్ఠంగా 5 శాతం లాంటివి మామూలే, బ్యాలెన్స్‌లోంచి కోసుకునే హక్కు ఉందని కూడా రాస్తేనే అది పనిచేస్తుంది. కానీ దానికన్నా ముందు తేలాల్సింది డెలివరీకి వాళ్లు చెప్పే '45 రోజులు' ఎప్పట్నుంచి ఎప్పటిదాకా అన్నది. అడ్వాన్స్ అందిన రోజు నుంచా, శాంపిల్ ఓకే చేసిన రోజు నుంచా, ప్యాకింగ్ డిజైన్ ఇచ్చిన రోజు నుంచా? పూర్తవడం అంటే సరుకు గోడౌన్‌లో రెడీ అవడమా, ఓడెక్కడమా? ఈ రెండు చివరలూ రాయకపోతే ఆలస్యమైందని రుజువు చేయడమే కుదరదు. చైనా నుంచి తెప్పించేవాళ్లు చాంద్రమాన కొత్త సంవత్సరం సెలవులు కూడా లెక్కలో పెట్టుకోండి, వారాల తరబడి ఫ్యాక్టరీలు మూతబడతాయి, మళ్లీ తెరిచాక పనివాళ్లందరూ ఒకేసారి తిరిగి రారు.

ఫోర్స్ మెజూర్, అంటే ఎవరి చేతిలోనూ లేని విపత్తు వస్తే బాధ్యత నుంచి మినహాయించే క్లాజుని ఎవరూ చదవరు. 2020 మొదట్లో కోవిడ్ వచ్చినప్పుడు చైనా అంతర్జాతీయ వాణిజ్య ప్రోత్సాహక మండలి అక్కడి కంపెనీలకి వేల సంఖ్యలో ఫోర్స్ మెజూర్ సర్టిఫికెట్లు ఇచ్చింది. అది చూశాక అందరూ తమ కాంట్రాక్ట్ తిరగేశారు. ఏవేవి ఆ కిందికి వస్తాయో పేరుపేరునా రాయాలి. ముడిసరుకు రేటు పెరగడం, పనివాళ్లు దొరక్కపోవడం అందులోకి రావని కూడా రాయాలి. అలాంటిది జరిగితే ఎన్ని రోజుల్లో తెలియజేయాలి, ఎన్ని రోజులు దాటితే మీరు ఆర్డర్ రద్దు చేసి అడ్వాన్స్ వెనక్కి తీసుకోవచ్చు అన్నవి మరీ ముఖ్యం.

సరుకు రవాణా మాటకొస్తే, అంతర్జాతీయ వాణిజ్య మండలి వాళ్ల ఇన్‌కోటర్మ్స్ 2020లో ఏ ఖర్చు, ఏ రిస్క్ ఎవరిదో చెప్పే 11 నియమాలున్నాయి. అన్నీ బట్టీ పట్టనక్కర్లేదు, మీరు వాడేది క్షుణ్ణంగా తెలిస్తే చాలు. ఎఫ్ఓబీలో సరుకు ఓడ మీదకి ఎక్కాక రిస్క్ మీది. సీఐఎఫ్‌లో కిరాయి, ఇన్సూరెన్స్ అమ్మేవాళ్లే కడతారు కాబట్టి సరుకు మన రేవు చేరేదాకా బాధ్యత వాళ్లదేననుకుంటారు చాలామంది. కాదు. రిస్క్ అక్కడ ఓడెక్కినప్పుడే మీకు బదిలీ అవుతుంది. పైగా సీఐఎఫ్ కింద వాళ్లు తీసుకోవాల్సిన ఇన్సూరెన్స్ సరుకు విలువలో 110 శాతానికి, కానీ కవరేజీ అతి తక్కువ రకం. ఈఎక్స్‌డబ్ల్యూ (ఫ్యాక్టరీ గుమ్మం దగ్గరే అప్పగించడం) ధర చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఎగుమతి కస్టమ్స్ పని కూడా మీ నెత్తినే పడుతుంది. కంటైనర్ సరుకైతే ఓడెక్కడానికి రోజుల ముందే టెర్మినల్‌లో అప్పగించేస్తారు కాబట్టి ఎఫ్ఓబీ కన్నా ఎఫ్‌సీఏ (మీ రవాణా సంస్థకి అప్పగించగానే రిస్క్ మీది) సరిగ్గా సరిపోతుంది. ఏది రాసినా రేవు లేదా ఊరి పేరు, 'ఇన్‌కోటర్మ్స్ 2020' అన్న మాట రెండూ ఉండాలి.

ఇన్సూరెన్స్ ఎందుకంటారా, 2021 మార్చి 23న ఎవర్ గివెన్ ఓడ సూయెజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుని 29న గానీ బయటపడలేదు. తర్వాత ఓడ యజమాని జనరల్ ఆవరేజ్ ప్రకటించారు. అంటే ఓడని కాపాడటానికి అయిన ఖర్చులో సరుకు యజమానులందరూ వాటా పంచుకోవాలి. ఇన్సూరెన్స్ ఉంటే ఆ వాటాకి హామీ ఇన్సూరెన్స్ కంపెనీ ఇస్తుంది, లేనివాళ్లు సొంతంగా హామీ కట్టుకుంటే తప్ప ఏ తప్పూ చేయకపోయినా సరుకు చేతికి రాదు.

మోల్డ్‌కి డబ్బు మీరిస్తే అది మీదేనని, దాంతో వేరేవాళ్లకి ఒక్క పీస్ కూడా చేయకూడదని, అడిగిన ఇన్ని రోజుల్లో అప్పగించాలని రాసి, మోల్డ్ మీద మీ పేరు చెక్కించి ఫొటో తీసుకోండి. మామూలు ఎన్‌డీఏ (గోప్యత ఒప్పందం) రహస్యం బయటపెట్టొద్దంటుంది, అంతే. మీ డిజైన్‌ని వాళ్లే సొంతంగా వాడుకోకూడదు, మిమ్మల్ని దాటి మీ కస్టమర్ దగ్గరికి వెళ్లకూడదు అన్నవి కూడా చేర్చండి. చైనాలో ట్రేడ్‌మార్క్ ముందు ఎవరు దరఖాస్తు పెడితే ప్రధానంగా వాళ్లదే, కాబట్టి బ్రాండ్ పేరు ఫ్యాక్టరీకి చెప్పేముందే అక్కడ దరఖాస్తు పెట్టేయడం మంచిది.

వివాదాల క్లాజు గురించి నా అభిప్రాయం కొంచెం గట్టిదే. 'మా దేశంలోని కోర్టుకే అధికారం' అని రాసుకుంటే ధైర్యంగా అనిపిస్తుంది, కానీ ఆ తీర్పుని సప్లయర్ దేశంలో అమలు చేయించడం చాలాచోట్ల కుదరదు. ఆర్బిట్రేషన్ అవార్డుని, అంటే కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పుని, వేరే దేశంలో అమలు చేయించడానికి 1958 నాటి న్యూయార్క్ ఒడంబడిక అండ ఉంది, 170కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. పెద్ద ఆర్డర్లకి అదే సరైన దారి. చిన్నవాటికి ఆర్బిట్రేషన్ ఫీజులే తడిసి మోపెడవుతాయి, అక్కడ వాళ్ల ఆస్తులు ఎక్కడున్నాయో ఆ చోటి కోర్టునే రాసుకోవడం నయమని నాకనిపిస్తుంది. రెండు దేశాలూ 1980 నాటి వియన్నా అమ్మకాల ఒడంబడికలో (దేశాల మధ్య సరుకు అమ్మకాలకి ఉమ్మడి నియమాలు) ఉంటే, వద్దని రాయనంతవరకు అదే వర్తిస్తుంది. చైనా, అమెరికా, జర్మనీ అందులో ఉన్నాయి, బ్రిటన్, భారత్ లేవు. కాంట్రాక్ట్ రెండు భాషల్లో ఉంటే తేడా వచ్చినప్పుడు ఏది చెల్లుతుందో కూడా రాయండి.

ఇవన్నీ ఎప్పుడు అడగాలి? రేటు ఖరారు చేసేముందే. 'ఈ షరతులతో మీ రేటు ఎంత' అని కాంట్రాక్ట్ ముసాయిదా ముందే పంపిస్తే వాళ్లు దానికి తగ్గట్టే లెక్క వేసుకుంటారు. రేటు ఒప్పుకున్నాక ఒక్కోటి బయటికి తీస్తే ఎవరికైనా చిరాకొస్తుంది, తప్పు మనదే అవుతుంది. ఏదైనా అడిగేటప్పుడు బదులుగా ఏదో ఒకటి ఇవ్వండి, ఆరు నెలల ఆర్డర్ అంచనా, ఇన్‌స్పెక్షన్ పాసయ్యాక రెండు రోజుల్లో డబ్బు, సీజన్ లేనప్పుడు తయారుచేసుకునే వెసులుబాటు, ఇలాంటివి. వాళ్లకి ఇవి నిజంగా పనికొస్తాయి. ఫోన్‌లో ఏది ఒప్పుకున్నా అదే రోజు మెయిల్‌లో రాసి, సరేనని జవాబు తెప్పించుకోండి.

మొదటి ఆర్డర్ బాగా వచ్చాక ఫ్యాక్టరీ నుంచి 'ఇక ఇన్‌స్పెక్షన్ ఎందుకు, మనకి నమ్మకం కుదిరింది కదా' అన్న మాట వస్తుంది. నాణ్యత నెమ్మదిగా జారేది సరిగ్గా అప్పట్నుంచే, మూడో ఆర్డర్‌లోనో నాలుగో ఆర్డర్‌లోనో. డెలివరీ తేదీల్లో సర్దుకుంటాను, అడ్వాన్స్ పెంచమన్నా ఆలోచిస్తాను, ఇన్‌స్పెక్షన్ ఎత్తేయడానికి మాత్రం ఒప్పుకోను. ప్రతి కొత్త పీఓ (పర్చేజ్ ఆర్డర్) మీద పాత కాంట్రాక్ట్ నంబరు, సీల్ చేసిన శాంపిల్ తేదీ రాయించి, ఆ షరతులన్నీ ఈ ఆర్డర్‌కీ వర్తిస్తాయని ముద్ర వేయించుకున్నాకే అడ్వాన్స్ పంపుతాను.